గర్భిణికి విటమిన్ డి తక్కువగా ఉంటే ఏం చేయాలి? బీపీ ఎలా చూసుకోవాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్కకి ఐదో నెలలో విటమిన్ డి 11 వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ అంకె గురించే టెన్షన్ పడ్డాం. ఏడో నెలలో బీపీ 150 దాటాక గానీ ఇంట్లో ఎవరం బీపీ గురించి ఆలోచించలేదు.

డి తక్కువున్న గర్భిణుల్లో ప్రీఎక్లాంప్సియా, అంటే 20 వారాల తర్వాత వచ్చే ప్రమాదకరమైన బీపీ, ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. డి మాత్ర వేసుకుంటే అది రాదని మాత్రం గట్టిగా తేలలేదు. అందుకే మాత్ర వేసుకుంటున్నాం కదా అని బీపీ చూడడం మానకండి.

ముందు పరీక్ష. డాక్టర్ రాస్తే 25 హైడ్రాక్సీ విటమిన్ డి అనే రక్తపరీక్ష చేయించండి, పరగడుపున వెళ్ళక్కర్లేదు. మామూలుగా మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల లోపుంటే లోపం కిందే లెక్క.

తర్వాత మాత్రలు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి ఉంటాయి. 14వ వారం నుంచి రోజుకు రెండు, అన్నంతోపాటు వేసుకోవాలి. పాలు, పెరుగు తక్కువ తినేవాళ్ళకి ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గించేది ఈ కాల్షియమే. ఐరన్ మాత్రకి, దీనికి రెండు గంటలైనా ఎడం ఉంచండి. పాలల్లో కలుపుకునే 60 వేల యూనిట్ల పొడిని మందుల షాపులో మీ అంతట మీరు అడిగి తెచ్చుకోవద్దు. వారానికొకటి అని రాస్తే వారానికొకటే.

ఎండ విషయంలో చాలామంది పొద్దున్నే ఏడింటికి నిలబడతారు. ఆ ఎండతో డి పెద్దగా తయారవదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే లాభం. విజయవాడలో మే నెలలో తొమ్మిది దాటగానే, డిసెంబరులో పదకొండు ప్రాంతంలో అలా ఉంటుంది. చేతులకి, ముఖానికి ఆ ఎండ తగలనివ్వండి. వేసవిలో కళ్ళు తిరిగేదాకా నిలబడకండి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ పనికిరాదు.

ఇక బీపీ. మెట్లెక్కి వచ్చి వెంటనే చూస్తే తప్పు చూపిస్తుంది. మా అక్కకి అదే జరిగేది, ఎక్కువ వస్తే ఆయాసం వల్లేలే అని వదిలేసేవాళ్ళం. ముందు బాత్రూంకి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలేలా ఐదు నిమిషాలు కూర్చోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ వద్దు. పట్టీ గుండె ఎత్తులో, జాకెట్టు చెయ్యి మీద కాకుండా వట్టి చేతికి చుట్టాలి. మాట్లాడకూడదు. తేదీ, టైము, రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాయండి. మిషన్ లేకపోతే ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు.

ముందు కాన్పులో బీపీ వచ్చి ఉంటే మొదటి విజిట్‌లోనే చెప్పండి. అవసరమైతే డాక్టర్ 12 వారాల తర్వాత చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

140/90 చూపిస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. 160/110 వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కుడి డొక్క పైన నొప్పి వచ్చినా, ముఖం ఉన్నట్టుండి ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి బయల్దేరండి, ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్ళండి.