వరి ఆకు పొరల్లో దాగే హిస్పా: పసిగట్టడం, పెంచి చూడటం

శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు చెరువుల కింది కయ్యల్లో లేత వరి ఆకుల మీద తెల్ల చారలు కనబడగానే ఆకుముడత అనుకుని మందు కొట్టేస్తుంటారు. ముందు ఆకును విప్పి చూడండి. ఆకుముడతలో అంచులు దారాలతో ముడుచుకుని, లోపల పచ్చపురుగూ దాని రెట్టా ఉంటాయి. హిస్పా అనే పెంకుపురుగు సోకిన ఆకు చదునుగానే ఉంటుంది. ఆకు ఈనెల వెంట గోటితో గీసినట్టున్న సన్నని చారలు ఎదిగిన పెంకుపురుగు గీకినవి. అది నీలినలుపు రంగులో, ఒంటినిండా ముళ్లతో 5 మిల్లీమీటర్లు ఉంటుంది. పలుచబడి ఎండుకాగితంలా ఉబ్బిన మచ్చ అయితే లోపలి పిల్లపురుగు పని.

తల్లిపురుగు లేత ఆకు కొన దగ్గర చీలిక చేసి ఒక్కొక్క గుడ్డే దూరుస్తుంది. 4, 5 రోజుల్లో పొదుగుతుంది. పాలిపోయిన పసుపు రంగులో, అదిమినట్టు చదునుగా ఉన్న పురుగు పై పొర, కింది పొర మధ్య పచ్చదనాన్ని 7 నుంచి 12 రోజులు తింటుంది. అక్కడే తిండి మాని రూపం మార్చుకునే ప్యూపాగా మారి, మరో 4 నుంచి 6 రోజులకు పెంకుపురుగై బయటపడుతుంది.

లోపల ఉందో లేదో తెలియాలంటే మచ్చను వెలుతురుకు ఎత్తి పట్టండి, పురుగు నీడలా కనిపిస్తుంది. వేలితో తడిమితే గట్టిగా తగిలేది ప్యూపా. బ్లేడుతో మచ్చ అంచున ఈనె వెంటే కోసి, సూదితో పై పొరను లేపండి. అడ్డంగా కోస్తే పురుగు తెగిపోతుంది.

పెంచి చూడాలంటే ఒక్క ఆకు తెంపి డబ్బాలో వేయకండి. ఆకు ఎండితే లోపలి పురుగు ఆకలికి చస్తుంది. దుబ్బులో ఒక పిలకను వేళ్లతో సహా తీసి నీళ్ల సీసాలో నిలిపి, పలుచని గుడ్డ కట్టండి. సీసా ఎండలో పెట్టకూడదు, గుడ్డ లోపల చెమ్మ కారితే బూజు పడుతుంది. పెంకుపురుగుకు బదులు చిన్న కందిరీగలాంటిది బయటికొస్తే, మీ కయ్యలో హిస్పాను చంపే పరాన్నజీవులు పని చేస్తున్నాయన్నమాట. అప్పుడు మందుకు తొందరపడకండి.

వరి లేని రోజుల్లో ఊద, అడవి వరి వంటి గడ్డిజాతి మొక్కల మీద పెంకుపురుగు కాలం గడుపుతుంది. నారు పోసేముందే గెనిమల మీది గడ్డి కోసేయాలి. నాటేటప్పుడు నారు కొనలు రెండు మూడు అంగుళాలు తుంచితే గుడ్లు చాలావరకు పోతాయి. తుంచినవి గెనిమ మీద పారేయకుండా పూడ్చాలి, లేదంటే ముదిరిన పురుగులు అందులోనే పెంకుపురుగులైపోతాయి. బాక్టీరియా ఎండాకు తెగులు ఉన్న నారును మాత్రం తుంచకూడదు, గాయాల్లోంచి తెగులు పాకుతుంది. యూరియా ఒకేసారి గుప్పించినా లేత ఆకు ఎక్కువై హిస్పా పెరుగుతుంది.

దుబ్బుకు 1-2 పెంకుపురుగులు లేదా 1-2 దెబ్బతిన్న ఆకులు దాటితేనే లీటరు నీటికి 2 మి.లీ. క్వినాల్‌ఫాస్ 25 శాతం మందు పిచికారీ చేయండి. పొరల మధ్య ఉన్నవి చాలావరకు తప్పించుకుంటాయి కాబట్టి, వారం పది రోజులకు కొత్త పెంకుపురుగులు వచ్చాయేమో మళ్లీ చూడాలి.