స్పైరులినా పెంపకం – 4వ పాఠం: నత్రజని కరువు

తొట్టిలో నత్రజని తగ్గిందని స్పైరులినా పాచి రంగే చెబుతుంది. ఆ రంగు కంటికి అలవాటు కావాలంటే ఒకసారి కావాలని కరువు పెట్టి చూడాలి.

ఒక్కో లీటరు పట్టే సీసాలు రెండు తీసుకోండి. మొదటిదానిలో గత పాఠంలో కలిపిన పోషక ద్రావణమే. రెండోదానిలో అదే ద్రావణం, కానీ నత్రజనినిచ్చే సోడియం నైట్రేట్ 2.5 గ్రాములు మానేసి, బదులుగా ఉప్పు 1.7 గ్రాములు అదనంగా వేయండి. లేకపోతే సోడియం కూడా తగ్గి, తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. పాచిని సన్నని నైలాన్ గుడ్డలో వడగట్టి, ఏ సీసాలోకి పోయాలో ఆ ద్రావణంతోనే రెండుసార్లు కడగండి. మంచినీళ్లతో కడిగితే కణాలు పగిలి నీళ్లు నీలంగా దిగుతాయి. చాలామంది చేసే తప్పు ఇదే. కడగకపోతే పాత నైట్రేట్ అంటుకుని వచ్చి కరువు ఆలస్యమవుతుంది.

సీసాలు రెండూ ఒకే నీడలో, నీటి వేడి 30–35 డిగ్రీల మధ్య ఉండాలి. నెల్లూరులో రోహిణీ కార్తె ఎండ నేరుగా తగిలితే పాచి వేడికే తెల్లబడుతుంది. దాన్ని కరువనుకుని నైట్రేట్ పోస్తే డబ్బు దండగ.

కొన్ని రోజుల్లో రెండో సీసాలో ముందు నీలిఛాయ పోతుంది, పత్రహరితం నెమ్మదిగా తగ్గుతుంది, చివరికి పసుపు మిగులుతుంది. నీలిరంగునిచ్చే ఫైకోసయనిన్ వెలుగును పట్టే ప్రోటీన్. కరువులో కణం దాన్నే విడగొట్టి, వచ్చిన నత్రజనితో ప్రాణం నిలుపుకుంటుంది. కార్బన్ లోపలికి వస్తూనే ఉంటుంది గనక దాన్ని పిండిపదార్థమైన గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. విత్తనాల వడ్లు పక్కన పెట్టినట్టే.

అనబీనా అనే మరో నీలిఆకుపచ్చ పాచి దారి వేరు. దాని దండలో పది పదిహేను కణాలకొకటి మందపాటి గోడ కట్టుకుని, ఆక్సిజన్‌ను బయటే ఆపి, గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. వరి మళ్లలో వేసే అజొల్లా ఆకులో కాపురముండేదీ దాని చుట్టమే. స్పైరులినాకు ఆ విద్య లేదు.

పసుపు తిరిగిన సీసాలో 2.5 గ్రాముల నైట్రేట్ వేయండి. రెండు మూడు రోజుల్లో పచ్చదనం తిరిగొస్తే అది కరువే. దుర్వాసన వేసి అడుక్కి దిగితే చచ్చిపోయినట్టు, పారబోయండి. ఇంట్లో బస్తా ఉంది కదా అని యూరియా గుప్పెడు వేయొద్దు. ఉదజని సూచి (pH) 9.25 దాటిన నీటిలో దాన్నుంచి పుట్టే అమోనియాలో సగానికి పైగా విషవాయు రూపంలోనే ఉంటుంది.

వచ్చే పాఠానికి మీ బోరు నీళ్లు ఒక లీటరు సిద్ధం చేసుకోండి. సున్నం ఎక్కువున్న నీటిలో ఫాస్ఫేట్ తెల్లగా పేరుకుని అడుక్కి చేరడం చూస్తాం.