బాప్తిస్మం అయిపోయింది, మర్నాటి నుంచి ఏం చేయాలి?

కాలువ గట్టు మీద తడిబట్టలతో వణుకుతూ నిలబడితే, మా సంఘంలో, అంటే మా చర్చిలో, ఒక పెద్దావిడ నా తల తుడుస్తూ "అసలు పని ఇప్పుడు మొదలయ్యా" అంది. అప్పుడు అర్థం కాలేదు. మూడు వారాలు పాటలు, కన్నీళ్ళు, తెల్లవారుజామున మెలకువలు. నాలుగో వారం ఒట్టి సోమవారం వచ్చింది. మోకరిస్తే నిద్ర ముంచుకొచ్చింది. నా రక్షణ, అంటే దేవుడు నా పాపాలు క్షమించి నన్ను తనవాణ్ణి చేసుకోవడం, నిజం కాదేమోనని భయం పట్టుకుంది.

ఈ భయం చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పరంతే. ఉద్వేగం తగ్గితే రక్షణ పోయినట్టు కాదు. పెళ్ళి ఒక్కరోజే, కాపురం రోజూ చేయాలి. దేవునితో ఆ కాపురం ఎలా నిలబెట్టుకోవాలో నాకు అనుభవంలో తెలిసినంత చెబుతాను.

ముందు ఒక చోటు, ఒక వేళ చూసుకోండి

నా చోటు వంటింటి వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఫోను అక్కడికి రాదు, చార్జింగులో ముందుగదిలోనే ఉంటుంది. అలారం కోసం పాత గడియారం కొనుక్కున్నాను. మొదట్లో పదిహేను నిమిషాలు చాలు. మొదటి రోజే గంట పెట్టుకున్నవాళ్ళు వారానికి మానేయడం చాలాసార్లు చూశాను. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు తెల్లవారుజామే కావాలని పట్టుబట్టక్కర్లేదు. బైబిలులో దానియేలు ప్రవక్త రోజుకి మూడుసార్లు ప్రార్థించేవాడు. వేళ ఏదైనా, రోజూ అదే వేళ కావడం ముఖ్యం.

బైబిలు ఆదికాండం నుంచి మొదలుపెట్టకండి

నేను అలాగే మొదలుపెట్టి బోల్తాపడ్డాను. ఆదికాండం కథలతో పరిగెత్తింది. నిర్గమకాండంలో ఆరాధన గుడారం కొలతల దగ్గర నడక మందగించింది. లేవీయకాండంలో బండి పూర్తిగా ఆగిపోయింది. బైబిలులో 1189 అధ్యాయాలున్నాయి, రోజుకి మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతుంది. అది రెండో ఏడు చూసుకోవచ్చు. ముందు యేసు జీవితం చెప్పే 16 అధ్యాయాల మార్కు సువార్త, తర్వాత యోహాను సువార్త, ఆ తర్వాత యోహాను మొదటి పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, చదవండి. కీర్తనల గ్రంథం నుంచి రోజూ ఒక కీర్తన కూడా. పాత అనువాదంలోని గ్రాంథికం గొంతుకి అడ్డుపడితే వాడుక భాషలోది పక్కన పెట్టుకోండి, అందులో తప్పేం లేదు.

ఎక్కువ చదవడం కంటే ఆగి చదవడం మేలు. ఉదాహరణకి మార్కు మొదటి అధ్యాయం చివరి సగం తీసుకోండి. కపెర్నహూములో సాయంత్రం ఊరంతా తలుపు దగ్గర మూగింది. రోగులు, దయ్యాలు పట్టినవాళ్ళు, ఒకటే రద్దీ. అంత అలసట తర్వాత మర్నాడు యేసు ఎప్పుడు లేచాడు? ఇంకా చీకటి ఉండగానే. ఎక్కడికి వెళ్ళాడు? మనుషుల్లేని చోటికి, ప్రార్థన చేసుకోవడానికి. శిష్యుడు సీమోను వెదుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారంటే, ఆయన వెనక్కి రాలేదు, పక్క ఊళ్ళకి వెళ్దాం పదమన్నాడు. ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ప్రభువు ఎలాంటివాడని తెలిసింది? ఈరోజు నేను ఏం మార్చుకోవాలి? నా నోటుపుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఒక్క ముక్కే: "పిలిచిన ప్రతివాడి దగ్గరికీ పరిగెత్తొద్దు."

ప్రార్థన మీ మాటల్లోనే చేయండి

కొత్త విశ్వాసులు పాస్టరుగారి భాష కోసం తడుముకుంటారు. "పరిశుద్ధుడవైన తండ్రీ" దాకా వచ్చి మాట ఆగిపోతుంది. ఒకటి గమనించండి: ఊళ్ళో కాస్త పెద్దవాళ్ళెవరినైనా మీరు అంటాం, తెలుగులో దేవుణ్ణి మాత్రం నువ్వు అంటాం, అమ్మని అన్నట్టు. ఆ చనువు వాడుకోండి. "ప్రభువా, ఫీజుకి డబ్బుల్లేవు, తోడికోడలి మీద కోపం తగ్గడం లేదు" అనడమూ ప్రార్థనే. 13వ కీర్తన "ఎంతకాలం" అన్న ఫిర్యాదుతోనే మొదలవుతుంది. అడిగి లేచిపోకండి, కాసేపు ఊరికే కూర్చోండి. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే.

ఒక సంఘంలో వేరు పట్టండి

ఈ వారం ఇక్కడ, వచ్చే వారం స్వస్థత కూటం, మిగతా రోజులు యూట్యూబ్ ప్రసంగాలు. వారం వారం పీకి నాటిన మొక్క బతకదు. మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే సంఘం, రెండు వారాలు కనబడకపోతే ఇంటికొచ్చి అడిగే సంఘం చూసుకోండి. ప్రభువు బల్లలో, అంటే యేసుని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, మీరూ చేయి వేయండి. నమ్మకమైన పెద్దవాళ్ళొకరితో నెలకోసారైనా కూర్చుని మనసు విప్పండి. విన్నది వాక్యంతో సరిచూసుకోవడం అవిధేయత కాదు. బెరయ ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు బోధనే రోజూ లేఖనాల్లో పరిశీలించారు, అపొస్తలుల కార్యములు 17లో వాళ్ళకి మెప్పే దక్కింది. ప్రశ్నలడగొద్దనేచోట, ఆశీర్వాదానికి రేటు కట్టేచోట నిలబడకండి.

ఇంట్లో, బయట

పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుని కలిసి మారిన రోజే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీకు ఎవరికైనా చేబదులు బాకీ ఉందా? ముందు అది తీర్చండి. మీతో మాటల్లేని తమ్ముడున్నాడా? ఫోన్ చేయండి. నేను చేసినప్పుడు అవతల చాలాసేపు మౌనం, తర్వాత "తిన్నావా?" అన్నాడు.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. వాదించి ఎవరినీ గెలవలేం. పండగపూట ప్రసాదం వద్దనాలనిపిస్తే అనండి, కానీ అమ్మ చేతిలో గిన్నె వెనక్కి నెట్టి కాదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి, తర్వాత ఆ గిన్నెలు మీరే కడగండి.

పడిపోయిన రోజు

తప్పకుండా వస్తుంది. పాత మందుసీసానో, పాత అబద్ధమో తిరిగొస్తుంది. సిగ్గుతో ఆ ఆదివారం మానేస్తారు, తర్వాతి ఆదివారం మానడం ఇంకా తేలిక. దాచకుండా ఆరోజే ఒప్పుకోండి. పాపం ఒప్పుకుని క్షమాపణ వేడుకునే 51వ కీర్తన గట్టిగా చదవండి. యేసుని పట్టుకున్న రాత్రి, ఆయన శిష్యుడు పేతురు ప్రధాన యాజకుని (పెద్ద పూజారి) ముంగిట చలి కాచుకుంటూ యేసుని ఎరగనన్నాడు. యేసు చనిపోయి తిరిగి లేచిన తర్వాత తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్ళీ నిప్పులు, వాటి మీద చేపలు. యేసు ముందు భోజనానికి పిలిచాడు. "నన్ను ప్రేమించుచున్నావా" అని పేతురుని అడగడం తిన్న తర్వాతే.

వారం రోజులు చదవడం మానేస్తే, ఆ వారం బాకీ అంతా ఒక్కరాత్రిలో చదివి తీర్చాలని కూర్చోకండి. ఈరోజు భాగం చదవండి. ఆదివారం అరగంట ముందే వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే చాపలు పరవండి.