గోదాం రోబో పేటెంట్‌లో క్లెయిములు ఒకదానిపై ఒకటి పడితే ఏం చేయాలి?

గోదాంలో డ్రైవర్ లేకుండా తిరిగే బండికి పేటెంట్ కోరేవాళ్లు సాధారణంగా ఒక్క దరఖాస్తుతో ఆగరు. బండికి ఒకటి, బండ్లన్నిటినీ నడిపే సర్వర్‌కు ఒకటి, ర్యాక్‌ను ఎత్తి తెచ్చే పద్ధతికి ఇంకొకటి వేస్తారు. కొంతకాలానికి దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ నుంచి ఆఫీస్ యాక్షన్, అంటే అభ్యంతరాలు తెలిపే అధికారిక లేఖ, వస్తుంది. ఈ దరఖాస్తులోని 1వ క్లెయిముకూ (మీరు కోరే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం), మీ పేరు మీదే ఉన్న పాత పేటెంట్‌లోని 1వ క్లెయిముకూ చెప్పుకోదగ్గ తేడా లేదని అందులో ఉంటుంది.

అప్పుడు చాలామంది రెండు దరఖాస్తుల బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇవి వేర్వేరు యంత్రాలని వాదిస్తారు. ఆ వాదన నిలవదు. హక్కు ఉండేది క్లెయిము వాక్యంలో. బొమ్మ దాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రమే. ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా పేటెంట్ ఆఫీసు నిబంధనలను బట్టి సాగుతుంది. యూరప్‌లో లెక్క మారే చోట ఆ మాట విడిగా చెప్తాం.

1. ముందు ఎదుట ఉన్నది ఏమిటో తేల్చుకోండి

ఆఫీస్ యాక్షన్‌లో ఎగ్జామినర్ చూపించిన పత్రం ఎవరిది, ఏ తేదీది, ఎప్పుడు ప్రచురితమైంది అన్న మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసుకోండి. జవాబు ఎలా ఉండాలన్నది వీటి మీదే ఆధారపడుతుంది.

అది మీ సొంత పేటెంటో, మీ సొంత పెండింగ్ దరఖాస్తో అయితే అభ్యంతరం డబుల్ పేటెంటింగ్, అంటే ఒకే ఆవిష్కరణకు రెండుసార్లు పేటెంట్ కోరడం. రెండూ ఇంకా పెండింగ్‌లో ఉంటే అది తాత్కాలిక తిరస్కరణ. రెండింటిలో ముందు తేదీ ఉన్న దరఖాస్తులో అదొక్కటే మిగిలితే, ఎగ్జామినర్ దాన్ని ఎత్తేసి ఆ దరఖాస్తును ముందుకు పంపాలి. కాబట్టి పాత దరఖాస్తులో దీని మీద శక్తి ఖర్చు చేయకండి. ముందు మిగతా అభ్యంతరాలు తీర్చండి.

అది వేరే కంపెనీది అయితే డబుల్ పేటెంటింగ్ ప్రశ్న సాధారణంగా రాదు. అక్కడ కొత్తదనం, ఆ రంగం తెలిసినవారికి స్పష్టంగా తట్టేదా కాదా అన్న మామూలు పరీక్షలే. కానీ ఒక మెలిక ఉంది. పోటీ కంపెనీ మీకంటే ముందు దరఖాస్తు చేసి, మీ తేదీ తర్వాత అది ప్రచురితమైందనుకోండి. అమెరికాలో దాన్ని కొత్తదనానికీ, ‘తట్టేదే కదా’ అన్న వాదనకూ రెండిటికీ వాడతారు. యూరప్‌లో యూరోపియన్ పేటెంట్ ఒప్పందం 54(3) అధికరణ కింద కొత్తదనానికి మాత్రమే వాడతారు. అంటే అదే పత్రం ఎదురుగా ఉన్నా, ఒక చిన్న కానీ నిజమైన తేడాతో యూరప్‌లో గట్టెక్కవచ్చు. అమెరికాలో ఆ తేడా చాలకపోవచ్చు.

మీ సొంత పత్రమైనా తేదీ చూడాలి. అమెరికా దరఖాస్తులు మామూలుగా మొదటి తేదీ నుంచి 18 నెలలకు ప్రచురితమవుతాయి. మీ పాత దరఖాస్తు ప్రచురితమై ఏడాది దాటాక కొత్తది వేసి ఉంటే, ఆ పాతది అందరి పత్రాల్లాగే మీకూ అడ్డు. యజమాని ఒకరే అన్న మినహాయింపు అక్కడ పనిచేయదు.

2. క్లెయిములను ముక్కలు చేసి ఎదురెదురుగా పెట్టండి

ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే. ఉదాహరణకు ఈ రెండూ చూడండి.

పాత పేటెంట్, 1వ క్లెయిము: ‘సరుకు మోసే వాహనం. అందులో మోటార్లతో తిరిగే చక్రాలు, నేల మీది గళ్ల జాబితాను సర్వర్ నుంచి అందుకునే రేడియో, ఒక కంట్రోలర్ ఉంటాయి. జాబితాలోని చివరి గడి దాటేలోపు తర్వాతి గడికి అనుమతి రాకపోతే కంట్రోలర్ వాహనాన్ని ఆపుతుంది.’

కొత్త దరఖాస్తు, 1వ క్లెయిము: ‘వాహనాల గుంపును నడిపే పద్ధతి. నేలను గళ్లుగా విభజించడం. ఒక్కో వాహనానికి దాని ముందున్న గళ్లను కేటాయించడం. ఆ గళ్ల సంఖ్యను వాహనం మోస్తున్న బరువును బట్టి మార్చడం. వాహనం దాటిన గడిని విడుదల చేయడం.’

ఒకటి యంత్రం, ఇంకొకటి పద్ధతి. ఇది తేడా అని అనిపిస్తుంది కానీ ఎగ్జామినర్ దగ్గర దీనికి పెద్ద విలువ లేదు. ఆ యంత్రం మామూలుగా పనిచేస్తే ఆ పద్ధతే జరుగుతుందనుకోండి, పేరు మార్చినంత మాత్రాన వేరే ఆవిష్కరణ కాదు. ఇక ముక్కలు: గళ్లు రెండింటిలోనూ ఉన్నాయి. పాతదానిలో సర్వర్ జాబితా పంపుతోందంటేనే కేటాయింపు జరిగినట్టు. దాటిన గడిని వదిలేయడం పాతదానిలో మాటగా లేదు, కానీ వదలకపోతే రెండో బండి ఎప్పటికీ అటు రాలేదు. మిగిలింది బరువు ఒక్కటే.

బరువు చాలుతుందా? లెక్క వేసి చూడండి. బండి వేగం సెకనుకు 1.5 మీటర్లు. ఆదేశం అందేందుకు 0.2 సెకను పడితే ఆ లోపే 0.3 మీటరు పోతుంది. ఖాళీ బండి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున తగ్గితే ఆగడానికి 1.125 మీటర్లు, మొత్తం సుమారు 1.43. బరువుతో నెమ్మదించడం సగానికి, అంటే 0.5కు పడిపోతే 2.25 మీటర్లు, మొత్తం 2.55. గడి 1 మీటరు అయితే ఖాళీ బండికి 2 గళ్లు, బరువున్న బండికి 3 గళ్లు కావాలి. ఈ లెక్క వేయడానికి బ్రేకుల సూత్రం తెలిసిన ఇంజినీరు చాలు. ఎగ్జామినర్ కూడా అదే రాస్తాడు: బరువు పెరిగితే ఆగే దూరం పెరుగుతుందని ఎవరికైనా తెలుసు, దాన్ని పాత క్లెయిముకు కలపడం తట్టే పనే. అతని మాటలో తప్పు లేదు.

ఇక్కడ మీకు పనికొచ్చే నియమం ఒకటుంది. డబుల్ పేటెంటింగ్‌లో పాత పేటెంట్ క్లెయిములనే పోల్చాలి. దాని వివరణను (ఆవిష్కరణను విడమరిచి చెప్పే భాగం) ప్రయర్ ఆర్ట్‌లా, అంటే అప్పటికే తెలిసిన సమాచారంలా, వాడకూడదు. క్లెయిములోని మాటకు అర్థం తేల్చుకోవడానికి మాత్రమే చూడవచ్చు. ఎగ్జామినర్ ‘పాత పేటెంట్ 14వ పేరాలో బరువు ప్రస్తావన ఉంది’ అని రాస్తే, అది డబుల్ పేటెంటింగ్ కారణం కింద ఉందా, ‘తట్టేదే’ అని తిరస్కరించే 103 సెక్షన్ కింద ఉందా చూడండి. మొదటిదైతే గట్టిగా అభ్యంతరం చెప్పవచ్చు.

దిక్కు కూడా ముఖ్యం. పాత క్లెయిము ఇరుకైనది, కొత్తది దాన్ని కలుపుకునేంత విశాలమైనది అయితే, కొత్తది దాదాపు ఎప్పుడూ పడిపోతుంది. పాతది విశాలమైనదీ కొత్తది అందులోని ప్రత్యేకమైనదీ అయితే ఆ ప్రత్యేకత తట్టేదా కాదా అన్న వాదనకు చోటుంటుంది. అందుకే కొత్త దరఖాస్తులో ‘అన్ని రకాల వాహనాలకూ వర్తించాలి’ అని మొదటి క్లెయిమును సాగదీయడం ఎదురుదెబ్బ తీస్తుంది.

3. నిజమైన తేడాను వివరణలోంచి బయటికి తీయండి

పై ఉదాహరణలో బరువు సరిపోలేదు. వివరణను మళ్లీ చదవండి. ఒకచోట ఇలా ఉందనుకుందాం: ‘ఒక బండి ఆగినప్పుడు చక్రాల ఎన్‌కోడర్ చూపిన తిరుగుడుకూ, బండి నిజంగా జరిగిన దూరానికీ ఉన్న తేడా నుంచి ఆ గడిలో నేల ఎంత జారుడుగా ఉందో సర్వర్ లెక్కిస్తుంది. తర్వాత అటు వచ్చే వేరే బండికి కేటాయించే గళ్ల సంఖ్యను ఆ విలువతో సవరిస్తుంది.’ ఇది పట్టుకోదగ్గ సంగతి. ఒక బండి అనుభవం ఇంకో బండి కేటాయింపును మారుస్తోంది. పాత క్లెయిములో దీని ఛాయ కూడా లేదు. కేవలం బ్రేకుల లెక్కతో ఇది రాదు. క్లెయిములో ఈ మాటలనే పెట్టండి: మొదటి వాహనం, రెండో వాహనం, గడి వారీగా దాచిన జారుడు విలువ, దాన్ని బట్టి మారే సంఖ్య.

ఇది వివరణలో మొదటి రోజే ఉంటేనే సాధ్యం. తర్వాత తట్టిన సంగతిని క్లెయిములో చేర్చడానికి అమెరికాలో పేటెంట్ చట్టం 112(ఏ) సెక్షన్ ఒప్పుకోదు. యూరప్‌లో 123(2) అధికరణ ఇంకా కఠినం. అక్కడ ఉన్న మాటనే సాగదీసి కొత్త కలయిక చేసినా అభ్యంతరం వస్తుంది. దరఖాస్తు రాసే రోజునే వెనక్కి తగ్గడానికి వీలుగా మూడు నాలుగు మెట్లు రాసి ఉంచాలనేది ఇందుకే. బరువు ఒక మెట్టు, నేల జారుడు ఇంకో మెట్టు, బ్యాటరీ స్థాయిని బట్టి వేగం తగ్గించడం మరో మెట్టు.

4. ఎగ్జామినర్ వెతికే చోట్ల ముందే వెతకండి

అనేక బండ్లను కలిపి నడిపే విషయానికి జి05డి 1/69, అవి ఢీకొనకుండా చూడటానికి జి05డి 1/693 వర్గీకరణలు (పేటెంట్లను విషయం వారీగా విడదీసే కోడ్‌లు) చూడండి. ఆర్డరు ప్రకారం సరుకు తీసే నిల్వ వ్యవస్థలకు బి65జి 1/137, తమంతట తాము నడిచే ఫోర్క్‌లిఫ్టులకు బి66ఎఫ్ 9/063, సరుకు లెక్కలకు జి06క్యూ 10/08. జి05డి 1 విభాగాన్ని 2024లో తిరగరాశారు, కాబట్టి జి05డి 1/02 కింద ఉండే పాత నంబర్లతో కూడా వెతకండి.

పేటెంట్లతో ఆగకండి. వేర్వేరు కంపెనీల బండ్లు ఒకే నియంత్రణ వ్యవస్థతో మాట్లాడేందుకు జర్మనీ వాహన పరిశ్రమ సంఘం తెచ్చిన విడిఎ 5050 పత్రంలో, బండికి ఇచ్చే ఆర్డరులో అనుమతి వచ్చేసిన భాగాన్ని బేస్ అనీ, ఇంకా రానిదాన్ని హొరైజన్ అనీ విడదీశారు. ‘అనుమతి ఉన్నంత దూరమే వెళ్లాలి’ అన్న క్లెయిము ఏదైనా దీన్ని దాటి చూపించాలి. డ్రైవర్ లేని పారిశ్రామిక వాహనాల భద్రతకు ఐఎస్ఓ 3691-4 ఉంది. ర్యాకులను బండ్లే మోసుకొచ్చే పద్ధతిలో కివా సిస్టమ్స్‌కు చెందిన 6,950,722 నంబరు అమెరికా పేటెంట్ (2005) ఎగ్జామినర్ ముందుకు రావడం సహజం. అన్నిటికంటే పాతది రైల్వే: పట్టాల ఒక భాగంలో (బ్లాకులో) ఒక్క రైలే ఉండాలన్న సూత్రం 19వ శతాబ్దం నాటిది. దాన్ని గోదాం నేల మీద పరిచినంత మాత్రాన పేటెంట్ రాదు.

5. ‘యూనిట్’, ‘మాడ్యూల్’ మాటలు జాగ్రత్త

‘దారి నిర్ణయించేందుకు అమర్చిన నావిగేషన్ యూనిట్’ అని రాస్తే, నిర్మాణం చెప్పకుండా పని మాత్రమే చెప్పే మాటలకు వర్తించే 112(ఎఫ్) సెక్షన్ కింద చదివే అవకాశం ఉంది. అప్పుడు ఆ క్లెయిము వివరణలో రాసిన అల్గారిథమ్‌కూ దానికి సమానమైనవాటికీ పరిమితం. అల్గారిథమే రాయకపోతే అస్పష్టత పేరుతో తిరస్కరణ. ప్రాసెసర్, మెమరీ, అందులో ఏ అడుగు తర్వాత ఏ అడుగు అన్నది రాస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. ‘స్వయంచాలక’, ‘తెలివైన’ లాంటి విశేషణాల వల్ల పాత క్లెయిముకు దూరం ఒక్క అంగుళం కూడా పెరగదు.

6. టర్మినల్ డిస్‌క్లెయిమర్ ఇవ్వాలా, వద్దా?

పాతదాని గడువు దాటాక కొత్త పేటెంట్‌కు మిగిలే కాలాన్ని వదులుకుంటున్నట్టు ఇచ్చే పత్రమే టర్మినల్ డిస్‌క్లెయిమర్. రెండు క్లెయిములూ అచ్చంగా ఒకే ఆవిష్కరణ అయితే డిస్‌క్లెయిమర్ పనిచేయదు. ఒకదాన్ని రద్దు చేయాలి లేదా మార్చాలి. ‘తట్టే తేడా’ రకం అయితే పనిచేస్తుంది. ఒక్క పత్రంతో తిరస్కరణ తొలగిపోతుంది. తట్టేదే అని మీరు ఒప్పుకున్నట్టు కూడా కాదు.

దానికి ఇచ్చే మూల్యం రెండు రకాలు. మొదటిది కాలం. పాతది 2020 మార్చి 10న, కొత్తది విడిగా 2021 జూన్ 10న వేశారనుకోండి. కొత్తదాని గడువు 2041 జూన్ 10 దాకా, ఆఫీసు జాప్యం వల్ల కలిసిన రోజులు ఉంటే అంతకు మించి. డిస్‌క్లెయిమర్ ఇస్తే అది పాతదాని గడువుతోనే ముగుస్తుంది. పాతదానికి కలిసిన రోజులేవీ లేకపోతే 2040 మార్చి 10. పదిహేను నెలలు, కలిసిన రోజులు పోయినట్టే.

రెండోది యాజమాన్యం. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ గోదాం రోబోల విషయంలో అసలు బరువు దీనిదే. రెండు పేటెంట్లూ ఒకే యజమాని దగ్గర ఉన్నంతకాలమే కొత్తది అమలులో ఉంటుంది. బండి తయారీని ఒకరికి అమ్మి సాఫ్ట్‌వేర్‌ను మీ దగ్గరే ఉంచుకోవాలనుకుంటే, వాటికి తగ్గట్టు పేటెంట్లను పంచుకోలేరు. ఆ ఆలోచన కాస్తయినా ఉంటే డిస్‌క్లెయిమర్‌కు బదులు 3వ అడుగులోలా క్లెయిమును సవరించడమే మేలు. నెలల కాలం కంటే అమ్ముకునే స్వేచ్ఛ ఖరీదైనది.

ఆఫీసు జాప్యం వల్ల కలిసే అదనపు రోజులను నమ్ముకుని ఊరుకోవడమూ ప్రమాదమే. 2023లో సెలెక్ట్ కేసులో అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అదనపు రోజులు కలిపిన గడువునే లెక్కలోకి తీసుకుని పేటెంట్లను చెల్లవంది. 2024లో అలెర్గాన్ కేసులో మాత్రం, మొదట వేసి మొదట మంజూరైన పేటెంట్‌ను తర్వాత వేసినది కూల్చలేదని చెప్పింది. అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన మీ దరఖాస్తుల కుటుంబంలో ఏది ముందు వేశారు, ఏది ముందు మంజూరైంది అన్న పట్టిక మీ దగ్గర ఉండాలి.

యూరప్‌లో టర్మినల్ డిస్‌క్లెయిమర్ లాంటిదే లేదు. మంజూరైన మీ పేటెంట్‌లో ఉన్న విషయాన్నే మళ్లీ కోరితే తిరస్కరించవచ్చని 2021లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు విస్తృత అప్పీళ్ల బోర్డు జి 4/19 నిర్ణయంలో తేల్చింది. అక్కడ సవరణే దారి.

7. ఎగ్జామినరే విడదీస్తే

ఒకే దరఖాస్తులో బండి, సర్వర్ పద్ధతి రెండూ పెడితే ఎగ్జామినర్ ఒకటి ఎంచుకోమనవచ్చు. ఎంచుకోని భాగాన్ని డివిజినల్‌గా, అంటే మొదటిదాని నుంచి విడదీసిన దరఖాస్తుగా, వేస్తే, 121 సెక్షన్ కింద మొదటి పేటెంట్‌ను దానికి అడ్డుగా చూపకూడదు. అయితే డివిజినల్ క్లెయిములు ఎగ్జామినర్ గీసిన గీతకు లోబడే ఉండాలి. సర్వర్ క్లెయిములోకి బండి భాగాలు మళ్లీ తెచ్చి కలిపితే ఆ రక్షణ పోతుంది. కంటిన్యుయేషన్ (మొదటిదాని కొనసాగింపు దరఖాస్తు) పేరుతో వేసినదానికి ఈ కవచం ఉండదు.

8. జవాబు పంపేముందు

అమెరికాలో ఆఫీస్ యాక్షన్‌కు మామూలుగా 3 నెలలు. ఫీజు కట్టి 6 నెలల దాకా సాగదీయవచ్చు, ఆపైన దరఖాస్తు వదిలేసినట్టే. మొదటి నెలలో ముక్కల పట్టిక, రెండో నెలలో సవరించిన క్లెయిము సిద్ధం చేసుకుని ఎగ్జామినర్‌తో ఇంటర్వ్యూ అడగండి. ఆ పట్టికనే ముందుగా పంపండి. బరువు, జారుడు విలువ రెండూ వేరని అరగంట మాట్లాడితే తేలిపోయే విషయానికి రెండు రౌండ్ల కాగితాలు నడిచే సందర్భాలు ఎక్కువ.

మంజూరు నోటీసు వచ్చాక ఇష్యూ ఫీజు కట్టేముందు కుటుంబ పట్టిక ఒకసారి చూడండి. ఇంకా కోరవలసిన క్లెయిము మిగిలి ఉంటే, ఈ పేటెంట్ మంజూరయ్యే తేదీలోపే తర్వాతి దరఖాస్తు పడాలి.