చిన్న పిల్లలతో వేసవిలో కొండ ఊరికి వెళ్లడం ఎలా?

ఏప్రిల్ ఆఖరికి బడులకు సెలవులు ఇవ్వగానే కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఊటీ మాట మొదలవుతుంది. ముందు సరస్సు కనిపించే గది వెతుకుతారు, తర్వాత చూడవలసిన స్థలాల పట్టీ రాస్తారు, ఆ తర్వాత కారు మాట్లాడుకుంటారు. ఘాట్ రోడ్డు సంగతి మాత్రం మూడో మలుపులో పిల్లవాడు వాంతి చేసుకున్నప్పుడే గుర్తుకు వస్తుంది. ఈ వరుసను తిరగేయాలి. చిన్న పిల్లలున్న కుటుంబం కొండ ఎక్కే ఆ రెండు మూడు గంటలు ఏ పూట, ఏ దారిలో, ఎవరి చేతి మీదుగా గడవాలో ముందు నిర్ణయించుకుని, మిగిలినవన్నీ దానికి తగ్గట్టు అమర్చుకోవాలి.

ఊరు, తేదీలు

ఒకే కొండ ఊరు, ఒకే గది, మూడు రాత్రులు. ఇంతకు మించి వద్దు. ఊటీ, కూనూరు, కొడైకెనాల్ మూడింటినీ ఐదు రోజుల్లో చుట్టించే ప్యాకేజీలో పిల్లలు చూసేది కారు సీటును మాత్రమే, ఎందుకంటే ఊటీ నుంచి కొడైకెనాల్ వెళ్లాలంటే ఒక ఘాట్ దిగి మరో ఘాట్ ఎక్కాలి.

ఘాట్ రోడ్డు ఎరుగని పిల్లలను ముందుగా హార్స్‌లీ హిల్స్‌కు తీసుకువెళ్లండి. 1870ల్లో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ వేసవి విడిదిగా ఎంచుకున్న కొండ అది. మదనపల్లెకు దాదాపు 29 కిలోమీటర్ల దూరంలో, 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఊటీ చలి అక్కడ ఉండదు, కానీ మలుపులకు మీ పిల్లవాడి ఒళ్లు ఎలా తట్టుకుంటుందో అక్కడ ఒక్క రాత్రి ఉండి వస్తే తెలిసిపోతుంది.

ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అంత ఎత్తులో ఊపిరి ఆడదేమోనని పెద్దవాళ్లు భయపెడుతూ ఉంటారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే కనిపిస్తుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పిల్లల విషయంలో ఆ భయం అక్కరలేదు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్న పిల్లలను మాత్రం వైద్యులను అడగకుండా తీసుకువెళ్లకూడదు.

వెళ్లేది సోమవారం నుంచి గురువారం మధ్యనే కావాలి. మే నెలలో ఊటీలో పూల ప్రదర్శన జరిగే రోజుల్లో ఘాట్ మీద వాహనాలు బారులు తీరుతాయి, కదలని కారులో పసిబిడ్డను సముదాయించడం ఎవరి తరమూ కాదు. నీలగిరి జిల్లాకూ కొడైకెనాల్‌కూ వెళ్లే వాహనాలకు 2024 మే 7 నుంచి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, తప్పనిసరి. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలను మాత్రమే అనుమతించారు. కాబట్టి గది కన్నా ముందు పాస్ చూసుకోండి.

దారి

కర్నూలు నుంచి ఒకే రోజులో ఊటీకి కారు నడిపేవాళ్లున్నారు. అది సాహసమే గానీ పిల్లలతో చేసే ప్రయాణం కాదు. కర్నూలు, అనంతపురం మీదుగా మైసూరు వెళ్లే కాచిగూడ రైలు రాత్రంతా నడుస్తుంది, పిల్లలు నిద్రపోతారు. రైల్వే రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ రోజు మైసూరులోనే ఆగి, స్నానాలు చేసి, మధ్యాహ్నం పిల్లలను జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్లి, మరునాటి ఉదయం టాక్సీలో కొండ ఎక్కాలి. ఒక రోజు వృథా అయిందని గొణిగేవారికి నా జవాబు ఒక్కటే: అలసిన పిల్లవాడితో ఘాట్ ఎక్కితే మరో రెండు రోజులు వృథా అవుతాయి.

బందీపూర్ అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు. కనుక మైసూరులో ఆరున్నరకు బయలుదేరితే సరిపోతుంది. అడవి దాటాక మసినగుడి, కల్లట్టి మీదుగా దగ్గర దారి ఉందని డ్రైవరు అంటాడు. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఎక్కుడు కూడా నిటారు. గూడలూరు మీదుగా చుట్టు దారిలోనే వెళ్లాలి.

సామాను

ఒక్కొక్కరికి ఒక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, మేజోళ్లు, ఒకదాని మీద ఒకటి వేయగలిగే పలుచటి నూలు బట్టలు. మే నెలలోనూ ఊటీలో రాత్రి పన్నెండు డిగ్రీల దాకా పడిపోతుంది. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలను అనుమతించరు కాబట్టి స్టీలు సీసాలు తెచ్చుకోండి. బొరుగులు, అరటిపండ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరం మందు ఉంటే చాలు.

ఘాట్ రోడ్డు

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. ఘాట్‌లో కడుపు తిప్పడానికి కారణం కడుపులో లేదు. లోపలి చెవి ఒళ్లు మలుపు తిరుగుతోందని చెబుతుంది, ముందు సీటు వీపును చూస్తున్న కన్ను ఏదీ కదలడం లేదని చెబుతుంది, ఆ రెండూ పొసగక వికారం పుడుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అరుదు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఎక్కువ. ఫోనులో బొమ్మలు చూపిస్తే పిల్లవాడు ఊరుకుంటాడని అనుకోవడం కన్నా పెద్ద తప్పు లేదు, ఎందుకంటే కదలని తెర మీద కన్ను నిలపడమే ఈ జబ్బుకు మూలం. మొదటి మలుపుకు ముందే అన్ని ఫోన్లూ, పెద్దవాళ్లవి సహా, సంచిలోకి వెళ్లిపోవాలి.

తిండి విషయంలో రెండు అతివాదాలున్నాయి. కడుపు నిండుగా ఉంటే తిప్పదని ఉగ్గాని బజ్జీ పెట్టి ఎక్కించే వారొకరు, ఏమీ పెట్టకుండా ఎక్కించే వారు మరొకరు. రెండూ తప్పే. ఎక్కుడు మొదలవడానికి రెండు గంటల ముందు, అంటే బందీపూర్ అడవికి ముందు వచ్చే గుండ్లుపేటలో, నూనె లేని ఇడ్లీ రెండు పెట్టాలి. పాలు, వేపుళ్లు, చాక్లెట్లు వద్దు. దారిలో నీళ్లు గుక్క గుక్కగా తాగించాలి.

పిల్లవాడికి ముందున్న రోడ్డు కనిపించేలా, వయసుకు తగిన సీటు వేసి, వెనుక వరుసలో బెల్టు పెట్టి కూర్చోబెట్టాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది, కానీ అసలు కారణం అది కాదు. ఒడిలో కూర్చున్న బిడ్డను గట్టి బ్రేకు పడినప్పుడు ఏ తల్లి చేయీ ఆపలేదు. కారులోని సెంటు సీసాను తీసేయించండి, కిటికీలు కొద్దిగా తెరవండి.

డ్రైవరుతో బయలుదేరే ముందే మాట్లాడాలి. "నిదానంగా పోనీ అన్నా, మాకు తొందర లేదు" అని ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడేవారు దారంతా వెనుక సీటు తుడుచుకుంటూ కూర్చుంటారు. మలుపులో వేగం పెంచి, వెంటనే బ్రేకు వేసే నడకే వాంతికి దారి తీస్తుంది. చిన్న గేరులో, ఒకే వేగంతో ఎక్కమనండి.

ప్రతి అరగంటకూ, పిల్లవాడు అడగకముందే, విశాలమైన చోట ఆగాలి. వాంతికి ముందు ఆనవాళ్లుంటాయి: మాటలాపడం, పదే పదే ఆవలించడం, ముఖం పాలిపోవడం, నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట. వీటిలో ఏ రెండు కనిపించినా వెంటనే ఆపి, దింపి, దూరపు కొండను చూపిస్తూ పది నిమిషాలు నిలబెట్టండి. నిమ్మకాయ వాసన చూపిస్తే నష్టం లేదు, కానీ అది ఆగడానికి బదులు కాదు. మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి చేతికందేలా ఉంచుకోండి.

మందు విషయంలో పెద్దవాళ్ల మాత్రను సగం చేసి ఇవ్వడం ప్రమాదం. వాంతులు ఆపే ప్రోమెథాజైన్ వంటివి రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు. పిల్లల వైద్యులు రాసిచ్చిన మందునైనా ఇంటి దగ్గర ఒకసారి వేసి చూసుకోవాలి, ఎందుకంటే కొందరు పిల్లలు దానితో మత్తుగా పడుకుంటే, కొందరు ఉద్రేకంగా మారతారు.

కొండ మీద

చేరిన రోజు ఏమీ చూడకూడదు. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో హోటలులో అడిగి, పిల్లలను పడుకోబెట్టండి. రెండో రోజు ఉదయం బొటానికల్ గార్డెన్ ఒక్కటి చాలు. కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్ల చిన్న రైలును యునెస్కో 2005లో వారసత్వ జాబితాలో చేర్చింది, నిజమే, కానీ దాదాపు ఐదు గంటలు పసివాళ్లు కుదురుగా కూర్చోరు. ఊటీ నుంచి కూనూరు వరకు ఎక్కించండి, అదే దారిలో ఒక ముక్క, పసివాళ్లకు అది చాలు.

దిగేటప్పుడు చెవినొప్పి కూడా రావచ్చు. జలుబు ఉన్న పిల్లవాడిని ఆ పూట దింపకుండా ఒక రోజు ఆగగలిగితే ఆగండి, లేదంటే దారంతా ఏదో ఒకటి మింగిస్తూ ఉండండి. పసిబిడ్డకు పాలు పట్టడమే మందు, కాకపోతే కారు ఆపి పట్టాలి. గూడలూరు రాగానే స్వెట్టర్లు తీసేయండి, అక్కడి నుంచి ఇంటి దాకా నీళ్లు ఎక్కువగా తాగించండి.