బొంత ముక్కల మొనలు సరిగ్గా కలవాలంటే కాగితం మీద కుట్టండి

మొన్న నేను కాగితం మీద గుడ్డ పెట్టి మిషన్ తొక్కుతుంటే మా అవ్వ వచ్చి చూసి, "ఏంమే, బొంతకు కాగితం ఎందుకు?" అనింది. ఆమె అడగడం న్యాయమే. ఆమె బొంతలో పాత చీరలు నాలుగు వరసలు పరిచి అంచు నుంచి అంచుకు దారం తోలడమే పని, ఏ ముక్క మొన ఏ ముక్క మొనకు కలిసిందో చూసే అవసరమే రాదు. కానీ ఎనిమిది మొనల నక్షత్రమో, వరసగా త్రిభుజాలో కుట్టాలంటే ఆ లెక్క చాలదు.

ఒక వరసలో 10 బ్లాకులు (చిన్న ముక్కలు కలిపి కుట్టిన గళ్లు), బ్లాకుకు 4 కుట్లు, కుట్టుకు ఒక్క మిల్లీమీటరు ఒకే వైపు తేడా వచ్చిందనుకోండి, చివరికి 40 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అంగుళం తేడా. పక్క వరసతో ఇక అది కలవనే కలవదు. రెండో చిక్కు క్రాస్. క్రాస్ కటింగ్ జాకెట్ కుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఏటవాలుగా కోసిన గుడ్డ చేతిలో పట్టుకుంటేనే సాగుతుంది, త్రిభుజం అన్నాక కనీసం ఒక వైపైనా క్రాస్ పడుతుంది. కాగితం సాగదు. గుడ్డను కాగితానికి కలిపి, కాగితం మీద గీసిన గీత మీదే కుడతాం కాబట్టి కటింగ్ కాస్త వంకరగా వచ్చినా కుట్టు మాత్రం గీత దాటదు. చుక్కలు పెట్టి ముగ్గేసినట్టే ఇదీ, చెయ్యి వణికినా లెక్క తప్పదు.

మొదటిసారికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు బ్లాకు చాలు, దీన్ని ఫ్లయింగ్ గీస్ అంటారు. కాగితం మీద ఆ కొలతకు దీర్ఘచతురస్రం, పొడుగు వైపు అడ్డంగా ఉండేలా గీసి, పై గీత మధ్యలో చుక్క పెట్టి, అక్కడి నుంచి కింది రెండు మూలలకు గీతలు లాగండి. మధ్య త్రిభుజానికి 1, పక్కవాటికి 2, 3 అని నంబర్లు వేయండి. చుట్టూ పావు అంగుళం వదిలి ఇంకో గీత గీయండి. ఈ పావు అంగుళం మర్చిపోతే బ్లాకులు కలిపేటప్పుడు మొన తెగిపోతుంది.

కాగితం ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. న్యూస్ పేపరు వద్దు, సిరా గుడ్డకంటుతుంది. జీరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తుంటే సైజు 100 శాతం పెట్టమని గట్టిగా చెప్పి, అక్కడే స్కేలుతో కొలవండి. నాకొకసారి కాగితానికి సరిపోయేలా కుదించి ఇచ్చారు, 6 అంగుళాల బ్లాకు 5 ముప్పావు వచ్చింది, అన్నీ కుట్టాక గానీ నాకు తెలియలేదు!

గుడ్డ అయితే మా తిరుపతి గాంధీ రోడ్డులో జాకెట్ పీసులు దొరుకుతాయి, ప్యూర్ కాటన్ అడగండి. టెరికాటన్‌కు మడత నిలవదు. శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలుంటే ముందు విడిగా తడిపి ఆరబెట్టండి. మధ్య ముక్క 5 అంగుళాలకు 3 అంగుళాలు, పక్కలకు మూడున్నర అంగుళాల చదరం ఒకటి కోసి మూలకు మూల కత్తిరించండి. ధారాళంగానే కోయండి. ఈ పద్ధతిలో గుడ్డ దండగవుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

మిషన్‌లో 14 నంబరు సూది, కుట్టు పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 17 కుట్ల దాకా పడాలి. అంత సన్నగా పడితేనే కాగితం చిల్లులు పడి తర్వాత తేలిగ్గా చినుగుతుంది. ఫ్యాన్ ఆపండి. మే నెల తిరుపతిలో ఆ మాట అనడానికి నోరు రాదు గానీ ముక్కలన్నీ ఎగిరిపోతాయి.

ఇప్పుడు అసలు తికమక. గీతలున్న వైపు మనకు, గుడ్డ వెనక వైపుకు. ఒకటో ముక్కను కాగితం వెనక పెట్టండి, గుడ్డ మంచివైపు బయటికి ఉండాలి. వెలుతురుకు ఎత్తి చూసి, ఒకటో త్రిభుజం గీతలు దాటి అన్ని వైపులా కనీసం పావు అంగుళం ఉందో లేదో చూసుకుని పిన్ను పెట్టండి. 1, 2 మధ్య గీత మీద పాత పెళ్లికార్డు పెట్టి కాగితాన్ని మడిచి, బయటికి వచ్చిన గుడ్డను పావు అంగుళం వదిలి కత్తిరించండి. రెండో ముక్క పొడవాటి అంచును ఆ అంచుకు సరిగ్గా ఆనించి, మంచివైపు మంచివైపుకు పెట్టి, కాగితం మడత తీసి, తిప్పి గీత మీద కుట్టండి, గీతకు అటు కొసన రెండు, ఇటు కొసన రెండు కుట్లు ఎక్కువ వేసి. రెండో ముక్కను మంచివైపు పైకి వచ్చేలా తెరిచి, గుడ్డ వైపు నుంచే ఇస్త్రీ చేయండి, ఆవిరి వద్దు, కాగితం ముడుచుకుంటుంది. జీరాక్స్ ఇంకు వైపు పెడితే అది పెట్టెకు అంటుకోవచ్చు. మూడోదీ ఇంతే. చివరికి బయటి గీత మీద కాగితంతో సహా కత్తిరించండి, గుడ్డలు కోసే మంచి కత్తెరతో మాత్రం వద్దు, పదును పోతుంది.

వచ్చేది అద్దంలో బొమ్మ, మర్చిపోకండి. ఈ బ్లాకుకు తేడా తెలియదు గానీ తెలుగు అక్షరం కుడితే తిరగబడుతుంది.

బ్లాకులన్నీ ఒకదానికొకటి కలిపాకే కాగితం చింపండి, లేదంటే అంచులు సాగుతాయి. మూలల్లో ఇరుక్కున్న తునకలకు ప్లక్కర్ ఉంటే సుఖం.

ఉత్త చదరాలకు ఇదంతా అనవసరం, టేపు, స్కేలు చాలు. కాగితమేమీ కొత్తది కాదు, ఇంగ్లండ్‌లో 1718 అని కుట్టి ఉన్న పట్టు దుప్పటి ఒకటుంది, దాని లోపల ఆనాటి కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. అది గుడ్డను కాగితం మీదికి మడిచి చేత్తో అంచులు కలిపే వేరే పద్ధతి అనుకోండి.

ముక్క చాలక విప్పాల్సి వస్తే సన్న కుట్టు విప్పడం నరకమే, కాగితమూ గీత వెంట చినిగిపోతుంది. చినిగిన చోట గీతలున్న వైపు సెల్లో టేపు అంటించి మళ్లీ కుట్టుకోవచ్చు. ఆ టేపు మీద ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టకండి, కరిగి అంటుకుంటుంది.