చిన్న పిల్లలకు ఇనుము గురించి ఎలా చెప్పాలి?

ఐదారేండ్ల పిల్లలకు రసాయన గుర్తు Fe, పరమాణు సంఖ్య 26 అంటూ మొదలుపెట్టకండి. ముందు చేతికి అయస్కాంతం ఇవ్వండి. పాత స్పీకర్లోంచి తీసిన బిళ్ల చాలు. గుండీ అంత చిన్నవి మాత్రం వద్దు, రెండు మింగితే పేగుల్లో అతుక్కొని ప్రాణం మీదికి వస్తుంది. బిళ్లను పాలిథిన్ కవర్లో చుట్టండి. లేకుంటే అంటిన పొడి ఒక పట్టాన వదలదు.

ఇల్లంతా వెతకనివ్వండి. కొడవలి, గడ్డపార, జొన్నరొట్టెలు కాల్చే ఇనుప పెంక, రూపాయి బిళ్ల అంటుకుంటాయి. రాగి చెంబు అంటుకోదు. మనం ‘సిల్వర్’ అనే గిన్నె కూడా అంతే, అది అల్యూమినియం. చిక్కంతా స్టీలు గ్లాసుల దగ్గరే: కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. "అయితే ఇది ఇనుము కాదా?" అని అడుగుతారు. స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే, కొన్నిటిలో నికెల్ కలపడంతో ఆ గుణం పోయిందని చెప్పండి.

తర్వాత చెలకకు తీసుకెళ్లండి. పాలమూరు, నల్లగొండ ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము, ఆక్సిజన్ కలవడం వల్ల వచ్చిందే, అంటే తుప్పుకు చుట్టం. కానీ ఆ మట్టి అయస్కాంతానికి పెద్దగా లొంగదు. పిల్లలు నిరాశపడకముందే వాగు ఇసుకలో తిప్పించండి. నల్లటి రవ్వలు అంటితే అవి మాగ్నటైట్, ఇనుప ఖనిజమే.

ఊళ్లో కమ్మరి కొలిమి ఉంటే దూరం నుంచి చూపించండి. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. కొలిమిలో అది ఎర్రబడి మెత్తబడుతుంది, సుత్తి దెబ్బకు సాగుతుంది.

ఇక తుప్పు. రెండంగుళాల మొలలు నాలుగు తీసుకోండి. జింకు పూత ఉన్నవి పనికిరావు. కొత్త మొలలకు నూనె ఉంటుంది, సబ్బుతో కడిగి గరుకు కాగితంతో రుద్దండి. ఒకటి పొడి సీసాలో మూతపెట్టి ఉంచండి. ఒకటి మంచినీళ్లలో సగం మునగాలి. ఒకటి చెంచా ఉప్పు కలిపిన నీళ్లలో, అదీ సగమే. నాలుగోదానికి నీళ్లు పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చి, మొల పూర్తిగా మునిగేలా పోసి, పైన వేలెడు మందాన పల్లినూనె పోయండి. ఈ పని పెద్దలదే.

మూడు నాలుగు రోజుల్లో రెండో, మూడో సీసాల్లో తుప్పు కనిపిస్తుంది, ఉప్పునీళ్లలో మరీ ఎక్కువ. నాలుగోదీ తుప్పు పడితే నీళ్లు సరిగా మరగలేదు, లేదా నూనె పొర పలుచనైంది. గాలి లోపలికి చేరిందన్నమాట.

అప్పుడు అడగండి: కోతలు అయిపోయాక కొడవలికి నూనె రాసి చూరులో ఎందుకు చెక్కుతారు?